ఎదిగే పిల్లలు అవ్వ చేతుల్ల.. మరి అవ్వకు తోడెవరు?

దసరా దాటి వానకాలం పంట ఇంటికొచ్చిందంటే చాలు, పాలమూరు పల్లెలు బోసిపోతయి. నారాయణపేట, మక్తల్, కోస్గి, మద్దూరు దిక్కు ఊర్లల్ల, తండాలల్ల మొగుడు పెండ్లాం జతగా గుంపు మేస్త్రి తాన అడ్వాన్సు తీసుకొని ముంబైకో, పుణెకో, హైదరాబాద్‌కో పోతరు. చంటి పిల్లల్ని సంకనేసుకొని పోతరు గానీ, బడికి పోయే పెద్ద పిల్లల్ని అవ్వ తాన ఇడిసిపోతరు. "సదువు చెడొద్దు" అని. మంచి ఆలోచనే. గానీ ఆ రోజుతోని ఎనిమిదో తరగతి పిలగాడు, పదో తరగతి పిల్ల ఉన్న ఇల్లు మొత్తం అరవై, డెబ్బై ఏండ్ల ఒక ముసలామె నెత్తిన పడ్తది.

వలస ఒక్కటే కాదు. తాగుడుకు అయ్య పాయె, అమ్మ ఇంకో మనువు చేసుకున్నది, పిల్లలు అవ్వ తాన. 2020, 2021ల కరోనాకు తల్లిదండ్రులు పోయిన్రు, పిల్లలు అవ్వ తాన. కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల దిక్కు అమ్మనే కువైట్‌ల ఇంటిపనికి పోయింది, పిల్లలు అక్కడ సుత అమ్మమ్మ తాననే. కారణాలు వేరువేరు, పొయ్యి ముందట కూసున్న మనిషి మాత్రం ఒక్కతే.

ఈ అవ్వల గురించి మన దగ్గర రెండే మాటలు నడుస్తయి. ఒకటి, "పాపం ముసల్ది." రెండోది, "ముసల్దానికేం తెలుసు, గారాబం చేసి పిల్లల్ని పాడు చేసింది." రెండూ సగం మాటలే. అవ్వ చేతుల్ల పెరిగినోనిగ, ఇప్పుడు ఊర్ల పోరగాండ్ల నడుమ తిరిగేటోనిగ నేను చెప్పేది ఇంకోటి. అవ్వకు ప్రేమ తక్కువ లేదు, తెలివి తక్కువ లేదు. ఎదిగే పిల్లతోని, బడితోని, ఫోన్‌తోని, ఆఫీసుతోని మాట్లాడే పద్ధతులు మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలే. అవి పుట్టుకతోని వచ్చేటివి కావు. నేర్చుకుంటే వస్తయి. కూసోబెట్టి నేర్పే బాధ్యత మనది, సర్కారుది.

మాట తెగితే ఏమైతది

"మాట్లాడుడు గురించి గింత లొల్లి ఎందుకన్నా, తిండి పెట్టుడు చాలదా?" అని మీరు అడగొచ్చు. చిన్న పిల్లలకు చాలుతది. పద్నాలుగేండ్ల పిల్లకు చాలదు. ఆ వయసుల అవ్వకూ మనుమరాలికీ మాట తెగిందంటే ఆ నష్టం జిందగీ పొడుగూతా ఉంటది.

ఆడపిల్ల సంగతి చూడుండ్రి. బడి నుంచి జర ఆలస్యంగ వచ్చింది. బస్సుల ఎవడో మాట్లాడించిండని వాడకట్టుల ఎవరో అన్నరు. అవ్వ గుండెల రాయి పడ్తది. కొడుకు ముంబైల ఉన్నడు, కోడలు ముంబైల ఉన్నది, రేపు ఏమన్న అయితే "నువ్వేం చూసినవ్?" అని అడిగేది తననే. ఆ పిల్లను అడిగి అసలు సంగతి తెలుసుకునే తొవ్వ ఆమెకు తెల్వదు. తెలిసిన తొవ్వ ఒక్కటే: "నా కండ్లు మూసేలోపు దీన్ని ఒక అయ్య చేతుల పెట్టాలె." సంక్రాంతికి కొడుకు ఊరికొచ్చేసరికి సంబంధం చూసి పెడ్తది. తెలంగాణల 20 నుంచి 24 ఏండ్ల నడుమ ఉన్న ఆడోళ్ళల్ల నూటికి 23 మందికి పైగా 18 నిండకముందే పెండ్లి అయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ పెండ్లిళ్ళన్నీ అవ్వలే చేసిన్రని నేను అంటలేను. కట్నం ఉన్నది, పేదరికం ఉన్నది, పరువు అనే భయం ఉన్నది. గానీ తల్లిదండ్రులు దగ్గర లేని ఇంట్ల ఆ భయం రెండింతలు అయితది. పిల్లతోని నాలుగు మాటలు నిమ్మళంగ మాట్లాడగలిగితే ఆగిపోయే పెండ్లిళ్ళు సుత అందుల ఉన్నయి.

మొగపిల్లగాని సంగతి ఇంకో తీరు. తొమ్మిదో తరగతిల లెక్కలు రావు. సారు నలుగురిల తిట్టిండు. ఇంటికొచ్చి చెప్తే అవ్వ "సదవకపోతే సావు, మీ అయ్య లెక్క ఇటుకలు మొయ్యి" అన్నది. ఆమె అన్నది కోపంతోని. వాడు విన్నది నిజమని. ఏడాది తిరిగేసరికి అదే గుంపు మేస్త్రి వెంబడి అదే బస్సు ఎక్కుతడు. లేదంటే ఫోన్ల బెట్టింగ్. తెలంగాణల ఆన్‌లైన్ జూదం 2017లనే నిషేధం. 2025ల కేంద్రం సుత పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. చట్టం కాయిదం మీద ఉన్నది. ఫోన్ పిలగాని చేతుల ఉన్నది. ఆ ఫోన్ల ఏం నడుస్తదో అవ్వకు తెల్వదు, అడిగితే వాడు చెప్పడు. అయ్య పంపిన పైసలు కరిగినంక గాని సంగతి బయటపడదు. అప్పుడు తిట్లు, ఏడుపులు, అలుగుడు.

అవ్వ ఎందుకు ఒర్లుతది

అవ్వ ఒర్లుతదంటే భయపడుతున్నదని అర్థం. ఇది మనం మొదలు అర్థం చేసుకోవాలె.

ఒక్కసారి ఆమె వయసు లెక్కబెట్టుండ్రి. ఇయ్యాల 65 ఏండ్ల మనిషి 1960ల పుట్టింది. పన్నెండు, పదమూడేండ్లకు పెండ్లి. పదిహేనుకు కాన్పు. బడి మొఖం చూసినోళ్ళు తక్కువ. 2011 జనాభా లెక్కలల్ల సుత ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల చదువొచ్చినోళ్ళు 55 శాతమే, రాష్ట్రం మొత్తంల అదే అందరికంటె కింద. ఇగ యాభై ఏండ్ల కింద ఎట్లుండెనో మీరే అనుకోండ్రి. అంటే మన అవ్వకు పదిహేనేండ్ల వయసు అనేదే లేకుండె. చిన్నపిల్ల నుంచి సీదా పెండ్లాం అయింది, తల్లి అయింది. అలిగి గదిల తలుపేసుకునుడు, దోస్తుల కోసం ఏడ్సుడు, అద్దం ముందట గంటసేపు నిలబడుడు, "నాకు నచ్చదు" అనుడు, ఇవన్నీ ఆమె బతుకుల లెవ్వు. తను బతకని వయసును ఇప్పుడు ఇంట్ల పెట్టుకొని పెంచాలె.

ఇంకోటి. ఆమెను పెంచినోళ్ళు మాట్లాడి పెంచలే, పని చెప్పి పెంచిన్రు. "నీళ్ళు తే, పిల్లను ఎత్తుకో, నోరు ముయ్యి." తన కొడుకుల్ని ఆమె సుత గట్లనే పెంచింది, ఆ కాలానికి అది నడిచింది. ఎందుకంటె అప్పుడు ఇంట్ల మామ ఉండె, పక్కింట్ల పెద్దమ్మ ఉండె, బాయికాడ చిన్నాయిన ఉండె. పిలగాడు అవ్వ మీద అలిగితే పోయి ముచ్చట చెప్పుకునే మనుషులు పదిమంది ఉండిరి. ఇప్పుడు ఆ పదిమంది ముంబైల ఉన్నరు. మిగిలింది అవ్వ, ఫోను.

పైంగ ఆమె పెయ్యి సుత సాతనైతలేదు. మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ. రాత్రి నిద్ర పట్టదు. తన బాధ చెప్పుకునే మనిషి లేదు. లోపల్లోపల కుములుతున్న మనిషిని "నువ్వు పిల్లతోని నిమ్మళంగ మాట్లాడు" అంటే ఎట్ల మాట్లాడ్తది? అందుకే అవ్వకు నేర్పుడంటే గోడకు బోర్డు పెట్టి క్లాసు చెప్పుడు కాదు. ముందుగాల ఆమె మాట వినే ఒక జాగ కావాలె.

నేర్వాల్సినయి ఏంది

పెద్ద పెద్ద మాటలు అక్కర లేదు. నేను చూసినకాడికి ఐదు పనులు.

మొదటిది, చివరిదాంక వినుడు. పిల్ల బస్సు తప్పి ఆలస్యంగ వచ్చిందనుకోండ్రి. మన ఇండ్లల్ల నడిచే తీరు ఇది: "యాడ తిరిగొస్తున్నవే? మీ అయ్య ఫోన్ చేస్తే నేనేం చెప్పాలె? రేపటిసంది బడి బంద్." ఈ మూడు మాటలల్ల పిల్ల జవాబు చెప్పే సందే లేదు. రేపు నిజంగ ఎవడన్న ఎంటబడినా అవ్వకు చెప్పదు, చెప్తే బడి బంద్ అయితదని. ఇంకో తీరు: "వచ్చినవా బిడ్డా. కాళ్ళు కడుక్కొని అన్నం తిను. తిన్నంక చెప్పు, ఎందుకు లేటయింది." భయం అదే, ప్రశ్న అదే. ముందుగాల అన్నం, తర్వాత ప్రశ్న. అంతే ఫరకు.

రెండోది, "వద్దు" అన్నప్పుడు కారణం చెప్పుడు. "వద్దంటే వద్దు" అనేది ఆరేండ్ల పిలగానికి నడుస్తది. పదహారేండ్లోడు గోడ దుంకి పోతడు. "బండి మీద ముగ్గురు పోవద్దు కొడుకా, రాత్రి ఆ మలుపుకాడ లారీలు కనబడయి. నీకేమన్నయితే నాకు ఎవరున్నరు?" అంటే వాడు వెంటనే ఇనకపోవచ్చు. గానీ ఆ మాట వాని చెవుల ఉంటది. సగం సగం ఒప్పందం సుత నేర్వాలె. జాతరకు పోతనంటడు, సరే, పది గంటలలోపు రావాలె, ఎవరితోని పోతున్నవో పేర్లు చెప్పి పోవాలె.

మూడోది, నలుగురిల ఇజ్జత్ తీయకుండుడు. మన అవ్వలకు బజార్ల నిలబడి తిట్టే అలవాటు ఉన్నది. వాడకట్టు వింటే సిగ్గుపడి మారుతడని వాళ్ళ లెక్క. ఆ వయసు పిల్లలకు సిగ్గు అంటే సావు లెక్క. మారరు, దాచుడు నేర్చుకుంటరు. తిట్టేది ఉంటే ఇంట్ల, ఒక్కనిగ ఉన్నప్పుడు.

నాలుగోది, ముంబైల ఉన్న కొడుకు కోడలితోని ఫోన్ల మాట్లాడే తీరు. వారానికి రెండు మూడు సార్లు ఫోన్ వస్తది. ఆ పది నిమిషాలు అవ్వ పిల్లల మీద పితూరీలు చెప్తది. అక్కడినుంచి అయ్య ఫోన్లనే తిడ్తడు. దూరం నుంచి వచ్చేది తిట్లే అయితే ఆ పిల్లలకు తల్లిదండ్రులు ఉండీ లేనట్టే. మంచి ఒకటి చెప్పి, తర్వాత ఫికరు ఒకటి చెప్పాలె. "పొయ్యి కట్టెలు తనే తెచ్చిండు. లెక్కలల్ల వెనకబడ్డడంట, సారుతోని నువ్వొకసారి మాట్లాడు." గిట్ల చెప్తే ముగ్గురు ఒక దిక్కు నిలబడ్తరు.

ఐదోది, బయటోళ్ళతోని నోరు తెరిచి మాట్లాడుడు. బడిల సారు, ఆశా అక్క, బ్యాంకు, తహసీల్ ఆఫీసు. "నేను దీని అవ్వను, పెంచేది నేనే, నాకు చెప్పుండ్రి" అని నిలబడుడు. సంతల బేరం చేసే అవ్వకు, కూలి రేటు కోసం ఆసామితోని కొట్లాడిన అవ్వకు ఇది కొత్త విద్య కాదు. బడి గేటుకాడికి వచ్చేసరికే గొంతు పోతది. ఎందుకు పోతది? మనోళ్ళు పోగొట్టిన్రు కాబట్టి. ఒక బడి మీటింగుల నేను కండ్లార చూసిన. మనుమరాలి కోసం కైకిలి ఇడిసిపెట్టుకొని వచ్చిన అవ్వతోని "తల్లిదండ్రుల్ని తోలియ్, నీకేం అర్థమైతది" అని పంపేసిన్రు. ఆమె మల్ల ఆ గేటు తొక్కుతదా?

ఐదు చెప్పిన గానీ, ఇంకొకటి వీటన్నిటి కింద ఉన్నది: లొల్లి అయినంక మల్ల కలుసుడు. పెద్దోళ్ళు తప్పు మాట అంటే "నోరు జారిన బిడ్డా" అనొచ్చు. పెద్దరికం తగ్గదు. మన ఇండ్లల్ల పెద్దోళ్ళు ఆ మాట అనుడు చూసినోళ్ళెంతమంది?

అరవై దాటినంక నేర్చుకుంటరా?

ఈ ప్రశ్న నేను చానమంది నోట విన్న. "మొక్కై వంగనిది మానై వంగునా" అని సామెత సుత చెప్తరు. సామెత మంచిదే. చరిత్ర మాత్రం వేరే చెప్తది.

1990ల మొదట్ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఏమైంది? అక్షరాలు నేర్చుకునుడుకు రాత్రిపూట కూసున్న ఆడోళ్ళు, పాఠంల ముచ్చట చదివి, "మన బతుకు సుత గిదే కదా" అనుకొని సారా మీద లేచిన్రు. అది రాష్ట్రమంతట పాకింది, సర్కారు మెడలు వంచింది. అప్పుడు ముప్పై ఏండ్లున్న ఆడోళ్ళు ఇప్పుడు అరవై దాటిన అవ్వలు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దిక్కు మాచ్నూర్‌ల 2008ల సంఘం రేడియో మొదలైంది. దళిత ఆడోళ్ళ సంఘాలు నడిపే రేడియో అది. వాళ్ళ బాసల, వాళ్ళ ఇత్తనాల ముచ్చట వాళ్ళే చెప్పిన్రు. పొదుపు సంఘంల వేలిముద్ర నుంచి సంతకం దాంక వచ్చింది ఎవరు? వీడియో కాల్ ఎట్ల ఎత్తాల్నో కొడుకు మొఖం చూసుడు కోసం వారంల నేర్చుకున్నది ఎవరు? మన అవ్వలే. పనికొస్తదని తెలిస్తే, తనలాంటోళ్ళ నడుమ కూసుంటే, ఏ వయసుల అయినా నేర్చుకుంటరు. ఒక్కదాన్ని కూసోబెట్టి "నీ పెంపకం బాగలేదు" అంటే ఎవరూ నేర్వరు.

దూరం దేశం ముచ్చట ఒకటి చెప్త. ఆఫ్రికాల జింబాబ్వే అనే దేశం ఉన్నది. అక్కడ కోట్లమంది జనానికి మనసు డాక్టర్లు వేళ్ళ మీద లెక్కబెట్టేటంత మంది. డిక్సన్ చిబండా అనే డాక్టరు 2006ల హరారే పట్నంల 14 మంది అవ్వలతోని ఒక పని మొదలుపెట్టిండు. దవాఖాన బయట చెట్టు నీడల ఒక బల్ల. దాని మీద అవ్వ కూసుంటది. మనాది పెట్టుకున్న మనిషి వచ్చి పక్కన కూసుంటడు. అక్కడి బాసల ఆ జబ్బుకు "అతిగ ఆలోచించుడు" అనే అర్థం వచ్చే మాట ఉన్నది, మన "మనాది" లెక్కనే. అవ్వ సలహాలు ఇచ్చుడు మొదలుపెట్టదు. ముందు వింటది, అడుగుతది, ఒక్క కష్టాన్ని పట్టుకొని దానికి తొవ్వ ఏందో ఆ మనిషితోనే తీపిస్తది. 2016ల పెద్ద వైద్య పత్రికల దీని ఫలితాలు అచ్చయినయి. మామూలు వైద్యం తీసుకున్నోళ్ళకంటె అవ్వల తాన మాట్లాడినోళ్ళు ఆరునెలలకు బాగ కోలుకున్నరు.

ఆ అవ్వలు మనుమల్ని పెంచుడు గురించి కాదు, ఊరి జనం బాధ వినుడు గురించి నేర్చుకున్నరు. అది వేరే పని. గానీ ఒక సంగతి అది తేల్చి చెప్పింది. వినుడు, అడుగుడు అనేటివి నేర్పితే అవ్వలకు వస్తయి. వాళ్ళ వయసు దానికి అడ్డం కాదు, బలం. మన ఊర్ల బల్ల అక్కర లేదు. రచ్చకట్ట ఉన్నది, అరుగులు ఉన్నయి.

సర్కారుకు అవ్వ ఎట్ల కనబడ్తది

సర్కారు లెక్కల అవ్వ అంటే పింఛను. ఆసరా పింఛను 2014ల 1000 రూపాయలతోని మొదలైంది, 2019ల 2016 అయింది, 4000 చేస్తమని 2023 ఎన్నికలల్ల కాంగ్రెస్ మాట ఇచ్చింది. పింఛను కోసం కొట్లాడుడు న్యాయమే. గానీ ఆ 2016ల మనుమని నోటుబుక్కులు, మనుమరాలి బస్సు కిరాయి సుత ఉన్నయని ఏ లెక్కల రాస్తలేరు. అవ్వను తీసుకునే మనిషిగనే చూస్తున్నరు. పెంచే మనిషిగ చూస్తలేరు.

పిల్లల దిక్కు చూస్తే పథకాలు ఉన్నయి. 2014ల కేంద్రం 10 నుంచి 19 ఏండ్ల పిల్లల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పెట్టింది. కస్తూర్బా బడులు ఉన్నయి, వలస పోయేటోళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టళ్ళు ఉన్నయి. పెరిగే పిల్లలకు ఒక దారి, ముసలోళ్ళకు ఒక దారి. ఇద్దరు ఒకే ఇంట్ల, ఒకే చాప మీద పండుకుంటరన్న సంగతి ఆఫీసుకు యాదికి లేదు.

కొత్త పథకం, కొత్త బిల్డింగు అడుగుతలేను. ఉన్నయి వాడుకుంటే చాలు.

ఒకటి, పింఛను రోజు. నెలకొక్కసారి ఊర్ల అవ్వలందరూ ఒక్కకాడ జమ అయ్యేది ఆ రోజే. పింఛను కోసం గంటలు గంటలు కూసుంటరు. ఆ గంటలల్లనే మనుమల్ని పెంచే అవ్వల్ని ఒక దిక్కు కూసోబెట్టి, ఆశా అక్క, అంగన్‌వాడీ టీచరు, సంఘం లీడరు కలిసి నెలకు ఒక్క ముచ్చట మాట్లాడించొచ్చు. ఈ నెల ఫోను, వచ్చే నెల బడి, ఆ తర్వాత పెండ్లి వయసు. ఉపన్యాసం వద్దు. ఒకామె తన ఇంటి కష్టం చెప్పాలె, ఇంకొకామె తను ఏం చేసిందో చెప్పాలె.

రెండు, మహిళా సంఘం. మొన్నటిదాంక 60 దాటితే సంఘంల జాగ లేకుండె. 2025ల సర్కారు ఆ వయసును 65కు పెంచింది, కింద 15 ఏండ్ల ఆడపిల్లలకు సుత తలుపు తీసింది. అంటే ఒకే ఇంట్ల అవ్వ, మనుమరాలు ఇద్దరూ సంఘంల కూసోవచ్చు. అప్పు, వడ్డీ ముచ్చట్లతోని పాటు ఈ ముచ్చట సుత పెట్టాలె. 65 దాటిన అవ్వల సంగతి సుత చూడాలె.

మూడు, బడి. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిన్రు, గ్రామ సంఘం అధ్యక్షురాలే దానికి పెద్ద. ఆ కమిటీల అవ్వలకు ఒక కుర్చీ ఇయ్యాలె. రిజిస్టర్ల తల్లి పేరు, తండ్రి పేరు పక్కన "ఇప్పుడు ఎవరి తాన ఉంటున్నది" అని ఒక గడి పెట్టి, అవ్వ పేరు, ఫోన్ నంబరు రాయాలె. మీటింగుకు వచ్చిన అవ్వను సారు కుర్చీల కూసోబెట్టి, "పిల్ల తెలివైనది అవ్వా, ఇంగ్లీషుల జర వెనక ఉన్నది" అని ఆమె బాసల చెప్పాలె. నేర్వాల్సింది అవ్వ ఒక్కతే కాదు, సారు సుత.

నాలుగు, పైసలు. తల్లిదండ్రులు ఇద్దరూ లేక చుట్టాల తాన పెరుగుతున్న పిల్లలకు, తల్లి ఒంటరిగ మిగిలిన పిల్లలకు మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉన్నది, పిల్లకు నెలకు 4000 రూపాయలు. పల్లెల్ల కుటుంబం ఆదాయం ఏడాదికి 72 వేలు దాటొద్దు. అడగాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగంల. కూలికి పోయిన తల్లిదండ్రులు ఉన్న పిల్లలకు ఇది వర్తించుడు కష్టం. గానీ నిజంగ అర్హత ఉన్న ఇండ్లల్ల సుత అవ్వకు ఈ పేరే తెల్వదు. ఊర్ల ఒక్కరన్న పోయి ఆమెకు చెప్పాలె, కాయిదాలు రాసియ్యాలె.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గ చెప్త. అవ్వకు మాటలు నేర్పి వలస సంగతి మరిచిపోదమని నేను అంటలేను. ఊర్ల ఉపాధి పని టైముకు దొరికి, కూలి పైసలు టైముకు పడి, చెరువుల కింద రెండో పంట పండితే సగంమంది తల్లిదండ్రులు పిల్లల్ని ఇడిసి పోనే పోరు. అసలు మందు అది. కొట్లాట దానికోసం నడవాలె. గానీ ఆ మందు వచ్చేదాంక ఇయ్యాల పద్నాలుగేండ్లున్న పిల్ల ఆగదు కదా. ఆమె ఈ ఏడే పెరుగుతది, ఈ ఏడే అడుగుతది, ఈ ఏడే అలుగుతది.

మనమేం చేయొచ్చు

ఇది చదువుతున్న మీరు ఫోన్ల చదువుతున్నరు. అంటే మీ ఇంట్ల ఫోన్ గురించి అవ్వకంటె ఎక్కువ తెలిసింది మీకే. నేర్పుడు సర్కారు మొదలుపెట్టేదాంక ఆగొద్దు.

అవ్వ తాన పెరుగుతున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు ఒక్క పని చేయుండ్రి. రోజుకు పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, ఆ రోజు బడిల ఏమైందో అడగకముందే అవ్వకు చెప్పుండ్రి. అవ్వకు ప్రశ్నలు అడుగుడు రాదని అలుగుడుకంటె, జవాబు ముందుగాల మనమే ఇస్తే ఆమెకు అడుగుడు అలవాటైతది. అవ్వ తిడ్తున్నప్పుడు "నీకేం తెల్వదు" అనే మాట నోట్లకెళ్ళి రానియ్యకుండ్రి. "అవ్వా, నువ్వు భయపడ్తున్నవా?" అని అడుగుండ్రి. తిట్టే నోరు ఆడనే ఆగుతది.

డిగ్రీ చదివి ఊర్ల ఉన్న అన్నలు, అక్కలు మీ వాడకట్టుల మనుమల్ని పెంచే అవ్వలు ఎంతమంది ఉన్నరో లెక్క రాయుండ్రి. పంచాయతీ తాన లేని లెక్క అది. ఆ కాయిదం పట్టుకొని హెడ్‌మాస్టర్‌ను, సంఘం అధ్యక్షురాలిని, కార్యదర్శిని కలువుండ్రి. బడి మీటింగు రోజు అవ్వలను బండి మీద తోలుకపోయి, పక్కన కూసోండ్రి.

కొన్ని నంబర్లు అవ్వ ఫోన్ల వేసి పెట్టుండ్రి, ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతోని రాయుండ్రి. పిల్లలకు ఆపద, చిన్న వయసు పెండ్లి అంటే 1098. అవ్వకు తన కష్టం చెప్పుకోవాలంటే ముసలోళ్ళ హెల్ప్‌లైన్ 14567. మనసు బాగలేకపోతే, చిన్నోళ్ళకైనా పెద్దోళ్ళకైనా టెలి మానస్ 14416. ఫోన్ల పైసలు మోసపోతే 1930.

ముంబైల, పుణెల, హైదరాబాద్ అడ్డాల మీద ఈ ముచ్చట చదివే అన్నలకు, వదినెలకు ఒక్క మాట. పైసలు పంపుడు ఎంత ముఖ్యమో, వారంల ఒక్కరోజు అవ్వ మాట పూర్తిగ వినుడు అంత ముఖ్యం. "పిల్లలు ఎట్లున్నరు?" అని అడిగే ముందు "నువ్వెట్లున్నవ్ అవ్వా, నీ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నది?" అని అడుగుండ్రి. అవ్వ మాట ఎవరన్న వింటేనే, ఆమెకు ఇంకొకరి మాట వినే ఓపిక వస్తది.